శ్వాస సందులు

చలి 9వ రోజు

ఈ పుస్తకం రాయమన్నది మీరే. ఎత్తు కాలనీలో ప్రతి ఇంటి నుంచీ ఒకరు, ఇంట్లో వేడి ఎంత ఉందో, సౌకర్యం ఎలా ఉందో రాసిపెట్టాలని పునరావాస బోర్డు ఆదేశం. చలికాలం అయ్యాక పుస్తకాలన్నీ పోగుచేసి చదువుతారట. చదవండి.

నా పేరు గరికిన నూకరత్నం. ఇల్లు నంబరు 212. వయసు నలభై ఎనిమిది. ఈ ఇంట్లో నేను, నా కూతురు సత్యవేణి, దానికి పుట్టిన పంతొమ్మిది రోజుల ఆడపిల్ల ఉంటాం. అల్లుడు ఆకాశం పనిలో ఉన్నాడు. బెలూన్లకు తెల్లపొడి బస్తాలు ఎక్కించే పని. ఆ పొడి వల్లే ఆకాశం సున్నం కొట్టినట్టు అయింది. ఎండ తగ్గితే సముద్రం పైకి రావడం ఆగుతుందని చల్లారు. మా ఊరు మునిగిపోయాక చల్లారు. ఇప్పుడు మమ్మల్ని తెచ్చి పెట్టిన ఈ కొండల మీద బిందెలో నీళ్ళు గడ్డకడుతున్నాయి.

ఈ ఉదయం ఇంట్లో 6 డిగ్రీలు. బయట 1.

గోడలో మీరు పెట్టిన గొంతు ఉంది కదా, అది ఏడింటికి మాట్లాడింది. "శుభోదయం. గది ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు. దయచేసి వెచ్చని దుస్తులు ధరించండి." అప్పటికి నా ఒంటి మీద రెండు చీరలు, అల్లుడి చొక్కా, పైన దుప్పటి ఉన్నాయి. ఇంకేం ధరించమంటారు, తలుపా?

నేల వేడి పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఇస్తున్నారు. ఇచ్చిన వేడి ఇచ్చినట్టే గోడల్లోంచి పోతోంది. ఈ ఇంటిని యంత్రం ఒక్క రోజులో అచ్చు పోసింది. పలకల్ని వేసవిలో బిగించారు. చలికి అవి ముడుచుకున్నాయి, అతుకులు విడిపోయాయి. మంచం పక్కనున్న అతుకులో నా చిటికెన వేలు దూరుతుంది. అందులోంచి వచ్చే గాలి ఈలవేస్తోంది.

సౌకర్యం ఎలా ఉందని అడిగారు. ఈలలు బాగా వినిపిస్తున్నాయి.

చలి 12వ రోజు

ఇంట్లో 5.

నిన్న అగరుబత్తి వెలిగించి గోడల వెంట తిరిగాను. పొగ నిటారుగా లేచిన చోట పర్వాలేదు, పక్కకి వంగిన చోట బొగ్గుముక్కతో గీత పెట్టాను. నలభై ఒక్క గీతలయ్యాయి. తలుపు కింద సందుకి పాత లంగా కుట్టి, అందులో ఊక కూరి అడ్డం పెట్టాను. కిటికీకి రెండు మడతల చీర కట్టాను. ఎండ వచ్చే పదకొండింటికి తీసి, మూడింటికి మళ్ళీ వేస్తున్నాను. ముగ్గురం ఒక్క గదిలోకి చేరి రెండో గది మూసేశాం. అతుకుల్లో గుడ్డపీలికలు కుక్కితే మధ్యాహ్నం గాలికి అవి ఒక్కొక్కటే ఊడి నేల మీద పడ్డాయి.

ఫిర్యాదు పెట్టిన పదో రోజున, ఈ ఉదయం, మీ ఇన్‌స్పెక్టర్ హైమావతి గారు వచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయేమో. మందపాటి కోటు వేసుకున్నారు. చేతిలో పలక లాంటి యంత్రం.

"అవి పగుళ్ళు కావండీ. శ్వాస సందులు. ఇల్లు గాలి పీల్చుకోవాలి కదా, డిజైన్‌లోనే పెట్టారు" అన్నారు.

"డిజైన్లో ఎడితే అన్నిళ్ళలోనూ ఒక్కకాడే ఉండాల గదమ్మా. మా ఇంట్లో మంచం పక్కనుంది, పక్కింట్లో గుమ్మం మీదుంది. మా అయ్య పడవలు కట్టీవోడు. సందంటే ఏటో నాకు సెప్పకు."

ఆవిడ పలక వైపు చూశారు. "మీరు ఏదీ మూయకూడదండీ. ఇంటికి మార్పు చేస్తే నేల వేడి ఆపేసే నిబంధన ఉంది."

"పిల్ల సేతులు ఓసారి ముట్టుకుని సూడు తల్లీ" అని సత్యవేణి పిల్లని ముందుకు చాపింది. ఆవిడ ముట్టుకున్నారు. చెయ్యి వెంటనే వెనక్కి తీసుకున్నారు. "నేను పైకి రాస్తాను" అని వెళ్ళిపోయారు.

పైన ఎవరున్నారో మాకు తెలియదు. తెల్లటి ఆకాశం మాత్రం ఉంది.

చలి 14వ రోజు

పిల్ల పాలు సరిగ్గా తాగడం లేదు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. ఒంట్లో వెచ్చదనం లేదు, ఏడుపులో బలం లేదు. దుప్పట్లో చుట్టుకుని ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తాం.

నర్సు పిల్లని బట్టలు విప్పి సత్యవేణి రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టింది. పైన రెండు దుప్పట్లు కప్పింది. గంటన్నరకి పిల్ల కళ్ళు తెరిచింది. మందు రాసిచ్చి, "మందు కన్నా ముందు గది. పద్దెనిమిది డిగ్రీలకి తగ్గకూడదు. ఈసారి ఇంత చల్లబడితే నేనేం చెయ్యలేను" అంది.

"మా గది అయిదు" అన్నాను.

నర్సు గోడ వైపు చూసింది. ఆ గదిలో కూడా గోడ అతుకుకి దూది కుక్కి ఉంది. చూశాను.

తిరిగొస్తుంటే సత్యవేణి ఏడవలేదు. నేనూ ఏడవలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, దారిలో మీ బోర్డు పలక ఒకటి కనిపిస్తే దాని ముందు నిలబడ్డాను. "వెచ్చని ఇల్లు, చల్లని భూమి" అని రాసి ఉంది. రాయి తీశాను. సత్యవేణి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, దాన్ని కొడితే ఏటొస్తాది? ఇంటికి పోదాం. నువ్వు పడవలకి సేసీదే గోడకి సెయ్యి."

అంతవరకూ నాకు ఆ ఆలోచన రాలేదు. నలభై ఒక్క సందులకి పీలికలు కుక్కిన మనిషిని. పన్నెండేళ్ళ వయసు నుంచి మా అయ్య పక్కన కూర్చుని పడవ పలకల మధ్య దూది తాడు దిగేసినదాన్ని. చలికి నా బుర్ర కూడా గడ్డకట్టింది.

చలి 16వ రోజు

కొండ కింద సంత. నా దగ్గర మిగిలిన ఒకే ఒక వల పట్టుకెళ్ళాను. గుగ్గిలం అమ్ముతున్న వంతల బుద్రి అనే పెద్దామె వలని వేళ్ళతో లాగి చూసింది. "కోళ్ళ మీద కప్పుతాను. గద్దలు ఎక్కువ" అని ఒక పెద్ద గోతాం గుగ్గిలం, డబ్బాడు కానుగ నూనె ఇచ్చింది. గుగ్గిలం ఎందుకని ఆమె అడిగితే చెప్పాను.

"ఇల్లంతా మూసేస్తావా?"

"పూర్తిగా."

"మా ఇళ్ళలో పొయ్యి ఉంటది. చూరు కింద పొగ పోయే దారి ఉంటది. మీ ఇంట్లో దారి ఏది?"

"మాకు పొయ్యే లేదమ్మా, నేల వేడి" అన్నాను. నవ్వి కూడా ఉంటాను. గోతాం నెత్తిన పెట్టుకుని కొండెక్కాను.

చలి 19వ రోజు

మూడు రోజులు పని చేశాను. రాస్తుంటే వేళ్ళు వంగడం లేదు. అయినా రాస్తాను, ఇది మీరు చదవాలి.

గుగ్గిలం పొడి కొట్టి, ఆరుబయట నూనెలో మరిగిస్తే ముద్దవుతుంది. పాత పరుపు దూదిని తాడులా పురి పెట్టి ఆ నూనెలో ముంచాలి. విరిగిన గేటు పట్టీని రాతి మీద అరగదీసి మొద్దు ఉలి చేసుకున్నాను. ఉలితో తాడుని సందులోకి దిగేస్తూ పోవాలి. గట్టిగా కొడితే పలక చీలుతుంది, మెల్లగా కొడితే తాడు ఊడుతుంది. ఎంత కొట్టాలో చెయ్యికి తెలుస్తుంది, చప్పుడు మారుతుంది. తాడు మీద గుగ్గిలం ముద్ద రాసి బొటనవేలితో నొక్కేయాలి. పదిహేడేళ్ళ తర్వాత ఆ చప్పుడు విన్నాను.

ఈ ఉదయం నేల వేడి ఆగిన గంటకి కూడా ఇంట్లో 17. ఈలలు లేవు. పిల్ల రెండు వైపులా పాలు తాగి, చేతులు చాపుకుని పడుకుంది. ఇరవై తొమ్మిది రోజులు మూసిన పిడికిళ్ళు అవి.

పదింటికి గోడలో గొంతు: "గాలి మార్పిడి తగ్గింది. అనుమతి లేని మార్పు గుర్తించబడింది. నేటి నుంచి మీ నేల వేడి సగానికి తగ్గించబడుతుంది. సహకారానికి ధన్యవాదాలు."

ఇల్లు చల్లగా ఉన్నన్నాళ్ళూ ఆ గొంతుకి ఏ మార్పూ కనిపించలేదు.

చలి 23వ రోజు

సింహాచలం బావ మొదట వచ్చాడు. నా భర్తకి పెదనాన్న కొడుకు, ఇల్లు 215. ఒంటరి మనిషి. ముప్పై ఏళ్ళు మర పడవ నడిపాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మంచం మీంచి లేవడానికే అరగంట పడుతుంది. నా ఇంట్లో నేల మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"నూకాలూ, గోడకి ఆనుకుంటే వీపు సల్లబడనేదే!"

"మీ ఇల్లూ సేసీనా బావా?"

"అడగడానికే ఒచ్చాను. వేడి సగం చేసీసినారంట గదా నీకు?"

"సగంతోనే ఇది."

"అయితే సేసీ. ఆ సగం గూడా ఆళ్ళనే కప్పుకోమను."

అతనిది అయ్యాక ఇంకో ఏడిళ్ళు. ఆడవాళ్ళు దూది పురి పెట్టారు, నేను దిగేశాను. నా ఇంటితో కలిపి తొమ్మిది. సాయంత్రం తొమ్మిది ఇళ్ళలోనూ ఒకేసారి గొంతు పలికింది. ఈసారి సగం కాదు. మొత్తం ఆపేశారు. సందులు తెరిచేవరకూ నేల వేడి ఉండదు.

వేడి లేకుండా కూడా మా ఇంట్లో 11 ఉంది. ఏమీ మూయని 220లో వేడి ఉండి 6. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క రాని నాకే అర్థమైంది.

చలి 27వ రోజు

బయట సున్నా కింద 3.

పొద్దున తొమ్మిదింటికి సింహాచలం బావకి గంజి పట్టుకెళ్ళాను. పిలిస్తే పలకలేదు. తలుపు లోపల గడియ. కిటికీ లోపలి వైపు చెమ్మ పట్టి ఉంది. పక్కింటి వాళ్ళతో కలిసి తలుపు గెంటి విరగ్గొట్టాం.

లోపల వెచ్చగా ఉంది. ముందు నాకు తట్టింది అదే, ఎంత వెచ్చగా ఉందో అని. గది మధ్యలో మట్టి కుంపటి. బొగ్గులు బూడిదయ్యాయి. బావ మంచం మీద పక్కకి తిరిగి పడుకున్నాడు. ముఖం ఎర్రగా ఆరోగ్యంగా ఉన్నట్టే ఉంది. బయటికి లాక్కొచ్చి, రొమ్ము మీద నొక్కాం. నర్సు వచ్చింది. చాలాసేపు చూసింది. లేచి నిలబడింది.

"మూసిన ఇంట్లో బొగ్గు రాజేస్తే రంగూ వాసనా లేని విషం పుడుతుందమ్మా. నిద్రలోనే పోయాడు."

ఈ రోజు ఇంక రాయలేను.

చలి 28వ రోజు

నిన్న మధ్యాహ్నానికే మీరు ప్రకటన ఇచ్చారు. ఇంటింటికీ గొంతుతో చదివించారు. "నివాసి చేసిన అనధికార మార్పు వల్ల ఒక మరణం సంభవించింది. శ్వాస సందుల ప్రాముఖ్యతను గుర్తించండి."

నా వంతు నేను రాస్తాను. ఆ ఇల్లు మూసింది నా చేతులు. దారి ఏది అని కొండ ఆడమనిషి అడిగితే నవ్వాను. నేల వేడి ఆపితే మోకాళ్ళ నొప్పుల మనిషి ఏం చేస్తాడో ఆలోచించలేదు. కుంపటి పెట్టొద్దని ఒక్క మాట చెప్పలేదు. పడవలో గాలి ఆడుతుందా లేదా అని ఎవరూ చూడరు, నేను ఇంటిని పడవ అనుకున్నాను. ఇది నాది. ఎవరి మీదా నెట్టను.

మీ వంతు మీరు రాయలేదు కాబట్టి అదీ నేనే రాస్తాను. పలకలు విడిపోయే ఇల్లు కట్టారు. పగులుకి పేరు పెట్టారు. మూసుకున్నందుకు ఉన్న వేడి ఆపారు. సున్నా కింద మూడు డిగ్రీల రోజున కూడా తిరిగి ఇవ్వలేదు. బావ బొగ్గు రాజేసుకున్నది మీరు నేల ఆర్పేశాక.

ఈ రోజు తొమ్మిది ఇళ్ళూ తిరిగాను. గాలి తగలని వైపు గోడకి, చూరు కింద, అరచెయ్యి వెడల్పు కన్నం కోసి, వాన పడకుండా ఏటవాలు మూత పెట్టాను. కన్నం ఉన్నా లోపల నిప్పు పెట్టనని ఇంటింటా మాట తీసుకున్నాను. 208లో ఆమె నన్ను లోపలికి రానివ్వలేదు. "నీ సేత్తో ఏటీ ముట్టకు, పో" అంది. గుమ్మం బయట కూర్చున్నాను. మూడింటికి తలుపు తీసింది. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు.

కన్నాలు పెట్టాక మా ఇంట్లో 10. ఒక్క డిగ్రీ పోయింది. గాలి ఆడుతోంది.

చలి 31వ రోజు

ఆరుగురు కూలీలు, చేతుల్లో గీకుడు పలకలు, వాళ్ళ వెనక హైమావతి గారు. తొమ్మిది ఇళ్ళ సందులూ తెరవాలని ఉత్తర్వు. మా ఇంటితో మొదలు.

కాలనీ వాళ్ళు గుమిగూడారు. రాళ్ళు పట్టుకున్న వాళ్ళూ ఉన్నారు. నేను వద్దన్నాను. తలుపు బార్లా తీసి, "రండి. గీకండి. ఒకటే కోరిక. ఇన్‌స్పెక్టరమ్మ గీకినంతసేపూ మా మంచం మీద కూకోవాల" అన్నాను.

ఆవిడ వచ్చి కూర్చున్నారు. సత్యవేణి ఏమీ అడగకుండా పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టింది. పిల్లకి నలభై ఒకటో రోజు. నేను గోడలో గొంతుని ప్రతి రెండు నిమిషాలకీ ఉష్ణోగ్రత చెప్పమన్నాను. అడిగితే చెప్పడం దాని పని.

"పన్నెండు డిగ్రీలు" అంది. కూలీలు మంచం పక్క అతుకు గీకారు. నా తాడు పొడుగ్గా ఊడి వచ్చింది.

"పదకొండు డిగ్రీలు."

కిటికీ పక్క అతుకు. ఈల మొదలైంది.

"తొమ్మిది డిగ్రీలు. దయచేసి వెచ్చని దుస్తులు ధరించండి."

పిల్ల ఏడుపు అందుకుంది. హైమావతి గారు కోటు బొత్తాలు విప్పి పిల్లని లోపలికి తీసుకుని చుట్టారు. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. జాలి పడలేదు. ఎవరూ జాలి పడే రోజు కాదు అది.

"ఏడు డిగ్రీలు."

"ఆపండి" అన్నారావిడ. కూలీలకి వినిపించలేదు. మళ్ళీ అరిచారు. "ఆపండయ్యా!"

గీకుడు ఆగింది. ఈలలు ఆగలేదు.

"ఉత్తర్వు ఉంది కదా మేడం" అన్నాడు మేస్త్రి.

"ఉంది. నా సంతకం లేకుండా పని పూర్తయినట్టు కాదు. నేను పెట్టను." పిల్లని వదలకుండా నా వైపు తిరిగారు. "నూకరత్నం గారూ, పైన కన్నం పెట్టారే, దాని కొలత చెప్పండి. రాసుకుంటాను."

చెప్పాను. కోపంతోనే అనుకోండి.

చలి 36వ రోజు

హైమావతి గారిని వేరే కాలనీకి బదిలీ చేశారు. వెళ్ళేముందు ఆవిడ రాసిన నివేదిక మాత్రం అల్లుడు పనిచేసే బెలూన్ల స్థావరం దాకా అందరి చేతుల్లో తిరిగింది. మూసిన ఇల్లు వేడి లేకుండా ఎంత, మూయని ఇల్లు వేడితో ఎంత, రెండూ పక్కపక్కన రాశారు. ఆవిడ ఇంకో మాట కూడా రాశారు: 215లో మరణం జరిగిన రోజు ఆ ఇంటికి నేల వేడి ఆపి ఉంచింది బోర్డే.

ఊడగొట్టిన సందులు మళ్ళీ మూశాను. ఈసారి కన్నం ముందు చూసుకుని మూశాను.

సాయంత్రం నేల వెచ్చబడింది. ఎవరూ ఏమీ ప్రకటించలేదు. గొంతు కూడా ఏమీ అనలేదు. పిల్లని వెల్లకిలా నేల మీద పడుకోబెట్టాం. ఇంట్లో 19.

చలి 52వ రోజు

ఇది చివరి పేజీ, పుస్తకం నిండింది.

బోర్డు నుంచి ఒక చిన్న పుస్తకం వచ్చింది. "శ్వాస సందుల పూరక విధానం, బోర్డు రూపొందించినది." బొమ్మలు కూడా వేశారు. దూది, గుగ్గిలం, కానుగ నూనె, మొద్దు ఉలి. కన్నం బొమ్మ కూడా ఉంది, కొలత సరిగ్గానే వేశారు. ఎందుకు పెట్టాలో ఎక్కడా లేదు. సింహాచలం బావ పేరు లేదు. కాలనీలో నలభై మంది కూలీలకి ఆ పని నేర్పాలని నాకు పిలుపు వచ్చింది.

పుస్తకం తెచ్చిన ఉద్యోగిని నేను అడిగాను. "ఈ కన్నం ఎందుకో ఒక్క వాక్యం రాయండి. 215లో ఒకాయన పోయాడని, ఆయన పేరు ఇదని."

"అది చట్టపరమైన ఇబ్బంది అండీ. పుస్తకంలో రాయలేం."

చెయ్యనని చెప్పి పంపేద్దామనుకున్నాను. రెండు రోజులు అదే మాట మీద ఉన్నాను. సత్యవేణి పిల్లని భుజాన వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. "అమ్మా, నువ్వు ఎల్లకపోతే ఆళ్ళు ఈ బొమ్మలు సూసి మూసీసుకుంటారు. కన్నం ఎందుకో తెలీక ఎవడో ఒకడు అదీ మూసీస్తాడు."

వెళ్ళాను.

ఈ ఉదయం గోదాములో నలభై మంది నిలబడ్డారు. కొండవాళ్ళు ఉన్నారు, మా పాలెం వాళ్ళు ఉన్నారు, మా ఇల్లు గీకడానికి వచ్చిన ఆరుగురిలో ముగ్గురు ఉన్నారు. బోర్డు పుస్తకం మొదటి పేజీ తెరిచి చేతుల్లో పట్టుకున్నారు. అందులో మొదటి బొమ్మ సందు మూయడం.

"ఆ పుస్తకాలు మూసీండి" అన్నాను.

మూశారు.

"ముందు కన్నం కొయ్యాల. సందులు తర్వాత. ఎందుకంటే సింహాచలం అని మా బావ ఒకడుండీవోడు. మర పడవ నడిపీవోడు. ఆళ్ళు నేల వేడి ఆపీసినారు, నాను కన్నం ఎట్టనేదు. మూసీసిన ఇంట్లో బొగ్గు రాజేసుకుని నిద్దర్లో పోయాడు. ఇప్పుడు మీరు సెప్పండి. ఆయన పేరేటి?"

బోర్డు ఉద్యోగి తలుపు దగ్గర కదిలాడు.

"పేరేటి?" అని మళ్ళీ అడిగాను.

నా ఇల్లు గీకిన మేస్త్రి మొదట అన్నాడు. తర్వాత మిగతావాళ్ళు. నలభై మంది చేతా చెప్పించాను, ఒక్కొక్కరి చేతా. అది అయ్యాకే ఉలి వాళ్ళ చేతికిచ్చాను.